నన్నారి పాస్టరు

కర్నూలులో ఎండలు ముదిరితే నన్నారి బండ్లు రోడ్డెక్కుతాయి. నేను ఆసుపత్రి డ్యూటీ దిగి కల్లూరు షేర్ ఆటో కోసం నిలబడే మూల మీద కూడా ఒక బండి ఉంది. బండాయన నిమ్మకాయ కోసి గ్లాసులోకి పిండి, దాని మీద నల్లటి నన్నారి పాకం వంచగానే ఆ వేరు వాసన రోడ్డు దాటి నా దాకా వస్తుంది. అందరికీ ఆ వాసనకు దాహం వేస్తుందేమో, నాకు కోపం వస్తుంది. మొన్న సాయంత్రం ఆ వాసన ముక్కులో ఉండగానే ఆటో ఎక్కితే, లోపల డ్రైవరు ఫోనులో మా అయ్యగారి పాట మోగుతోంది. ‘ఎండిన ఏట్లో చెలిమ తవ్వి నీళ్ళిచ్చినాడు నా దేవుడు’ అని. డ్రైవరు మస్తాన్ నాకు తెలిసినవాడే, పదేళ్ళుగా ఈ రూట్లో తిప్పుతున్నాడు. పాట ఎవరిదని ఏమీ తెలియనట్టు అడిగాను. ‘‘ఎవరో రెవరెండ్ శామ్యూల్ అంట మేడమ్. శానా పెద్ద పాస్టరంట. మా ఇంట్లో గూడా ఇంటాండారు’’ అన్నాడు. ఒళ్ళు మండింది. ఆయన పేరు ఓబులేసు అనీ, బతికున్నన్నాళ్ళూ ఆయన్ను ఎవరూ రెవరెండ్ అనలేదనీ, అననివ్వనివాళ్ళే చనిపోయాక ఆ మాట తగిలించారనీ కల్లూరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. పాపం, మస్తాన్ చేసిన నేరమల్లా పాట పెట్టుకోవడమే.

ఓబులేసు అయ్యగారు మా ఊరి ఉపదేశి. మాది కమలాపురం దగ్గర పాపాఘ్ని ఏటి ఒడ్డున ఒక పల్లె. చర్చి పాతది, మా తాతల కాలంలో కూలికి పోయి వచ్చినవాళ్ళు పొద్దుగూకాక రాళ్ళు మోసి కట్టుకున్నది. అభిషేకం పొందిన గురువు మాత్రం టౌనులో ఉంటాడు. ఆయన కింద పదిహేను ఊళ్ళు, అన్నీ కలిపి ఒక పాస్టరేట్, ఊరికొక ఉపదేశి. ప్రార్థన జరపడం, పిల్లలకు వాక్యం చెప్పడం, రోగుల పక్కన కూర్చోవడం, గంట కొట్టడం, చర్చి ఊడవడం అన్నీ ఉపదేశి పనే. రెండు పనులు మాత్రం చేయకూడదు. బాప్తిస్మం ఇవ్వకూడదు, ప్రభువు బల్ల ఇవ్వకూడదు. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ సంస్కారం గురువు చేతి మీదుగానే జరగాలి. ఆయన రెండు మూడు నెలలకోసారి జీపులో వచ్చేవాడు. వస్తున్నాడని తెలిస్తే మా ఊరి ఆడవాళ్ళు ముందురోజే తెల్లచీరలు ఉతికి ఆరేసుకునేవాళ్ళు. టౌనులో ఎవరింట్లోనో పెళ్ళి పడితే జీపు రాదు. చీరలు మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టుకునేవాళ్ళు. ఎందుకు రాలేదని ఒక్కరూ నోరెత్తి అడిగేవాళ్ళు కాదు. తలచుకుంటే ఇప్పుడు నాకు ఆ గురువు మీద ఎంత కోపమో, మా వాళ్ళ ఆ ఓర్పు మీద కూడా అంతే కోపం.

ఇరవై రెండేళ్ళు ఓబులేసు అయ్యగారు ఉపదేశిగానే ఉండిపోయాడు. తనకు గురువు అభిషేకం ఇవ్వమని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. మొదటిసారి వేదాంత కాలేజీ చదువు లేదన్నారు. రెండోసారి, ఓబులేసు అనే హిందువుల పేరేమిటి, బాప్తిస్మంలో పెట్టిన శామ్యూల్ అనే పేరు వాడుకోవచ్చు కదా అన్నారు. అది తన నాయన పెట్టిన పేరని, దేవుడు తనను ఆ పేరుతోనే పిలిచాడని ఆయన చెప్పి వచ్చాడట. మూడోసారి అర్జీకి జవాబే రాలేదు. సువార్త సభలకు పాట కావాల్సి వస్తే మాత్రం ఓబులేసే కావాలి. రాయచోటిలో సభలు పెట్టినా, కడపలో పెట్టినా, కర్నూలులో పెట్టినా ఆయనకు కబురు వచ్చేది. కోరస్ పాడడానికి నేను, ఇంకో ఇద్దరు ఆడపిల్లలం వెంట వెళ్ళేవాళ్ళం. కుదురులేని జనాన్ని ఆయన ఒక్క పల్లవితో కూర్చోబెట్టేవాడు. ప్రసంగించే పెద్దమనిషి రాగానే స్టేజి దిగి గుడారం గుంజకు ఆనుకుని నిలబడేవాడు. దిగమని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, కానీ ఆయనకు అక్కడ కుర్చీ ఎన్నడూ వేయలేదు. భోజనాలప్పుడు కూడా స్టేజి మీదివాళ్ళకు బల్లలు వేసి వడ్డించేవాళ్ళు. ఆయన మాతో పాటు వంట పొయ్యిల దగ్గర కూర్చుని తినేవాడు. చిన్నపిల్లను కాబట్టి అక్కడైతే కూర ఎక్కువ దొరుకుతుందని సంబరపడేదాన్ని.

నాకు పాట నేర్పింది ఆయనే. హార్మోనియం ముందు కూర్చోబెట్టి కాదు, శనక్కాయల చేలో. ఉపదేశికి వచ్చే జీతం ఏ మూలకూ చాలదు కాబట్టి ఆయనకూ రెండెకరాల గుత్త చేను ఉండేది. ఆడవాళ్ళు వరసగా వంగి చెట్లు పెరుకుతుంటే, నన్ను ఈ గట్టు మీద నిలబెట్టి తాను ఆ గట్టుకు పోయి, వాళ్ళ వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు. నేను పాడితే తల అడ్డంగా ఊపేవాడు. మళ్ళీ పాడాలి. అరిస్తే కుదరదు, గొంతు చీరుకుపోతుంది. కడుపులోంచి మాట తీసి, దాన్ని విడమరచి, ఆ చివరి మనిషిని చూస్తూ పలకాలి. ఎండకు కళ్ళు తిరిగి ఒకరోజు ఏడ్చాను, సభల్లో మైకు ఉంటుంది కదా, నాకెందుకీ బాధ అని. ఆయన చేను దాటి వచ్చి ముంతలో నీళ్ళిచ్చాడు. ‘‘మైకు ఎప్పుడన్నా పోతాది పాపా. కరెంటును నమ్ముకోని పాడద్దు. ఆ కొసన కూచ్చునుండే ముసలామెకు ఇనపడల్ల. ఆమెకు ఇనపడకుంటే నువ్వు పాడనట్లే’’ అన్నాడు. మా చర్చిలో ముందు వరసలో నాలుగు కుర్చీలు టౌను నుంచి వచ్చేవాళ్ళకు, మిగతా అందరూ కింద చాప మీద. కూలి ముసలమ్మలు ఆ చాప కూడా దాటి గడప దగ్గర చెప్పుల పక్కన కూర్చునేవాళ్ళు. ఆయన పాట మొదలుపెడితే నడుచుకుంటూ ఆ గడప దగ్గరకే పోయేవాడు. ముందు కుర్చీలవాళ్ళు మెడలు తిప్పి వినాల్సిందే.

చెలిమ పాట కూడా ఒక కరువు ఎండాకాలంలో పుట్టిందే. ఏరు ఎండిపోయి, ఇసుకలో గుంత తవ్వితే ఊరే ఆ కాసిన్ని నీళ్ళ కోసం ఊరు ఊరంతా కడవలతో వరస కట్టేది. ఆయనా కడవతో వరసలో నిలబడి, ముందున్న ఆడవాళ్ళ చేత ఒక్కో చరణం పాడించి చూసి, నాలుక తిరగని మాట తీసేసి, వాళ్ళ మాటే పెట్టేవాడు. తర్వాత టౌను గురువు ఆ పాట విని, చెలిమ అనే మాట బైబిల్లో ఎక్కడుందని అడిగాడు. ‘‘బైబిల్లో నేను చూడలేదు సార్. పాపాఘ్నిలో ఉండాది’’ అన్నాడు ఈయన. గురువు ముఖం మాడిపోయింది. మేము నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

నేను కడపలో నర్సింగు చదువుతున్న రోజుల్లో మా నాయన తల్లి మార్తమ్మవ్వకు గుండె జబ్బు ముదిరింది. పెద్దాసుపత్రిలో చూపించి, ఇక ఇంటికి తీసుకుపొమ్మంటే తెచ్చుకున్నాం. మే నెల. ఒళ్ళంతా నీరు పట్టి, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది. ఆమెకు ఏ కోరికా లేదు, ప్రభువు బల్ల తీసుకుని పోవాలని తప్ప. అంతకు ముందు రెండుసార్లు జీపు రాక ఆమెకు అది అంది ఏడు నెలలైంది. బుధవారం గురువుకు ఫోన్ చేశాను, చూస్తానన్నాడు. గురువారం చేశాను, ఆదివారం వస్తానన్నాడు. ఆదివారం దాకా ఉండదు సార్, నేను నర్సింగు చదువుతున్నాను, నాకు తెలుస్తోంది అన్నాను. దేవుని చిత్తం అన్నాడు. శుక్రవారం పొద్దున్నే చేస్తే ఆయన భార్య ఎత్తి, సార్ పడుకున్నారని పెట్టేసింది. మా ఊరికీ ఆ టౌనుకూ జీపులో గంట ప్రయాణం. అమెరికా నుంచి రమ్మనలేదు కదా ఆయన్ను.

శుక్రవారం మధ్యాహ్నం ఓబులేసు అయ్యగారు వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది. తనకు అధికారం లేదని ఆయన చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన లేచి వాకిట్లోకి పోయి, ఎండలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఆయన భయపడ్డాడు, నేను చూశాను. దాచిపెట్టి ఆయన్ను పెద్ద వీరుణ్ణి చేయాలని నాకు లేదు. లోపలికి వచ్చి కాళ్ళు చేతులు కడుక్కుని, ఇంట్లో రొట్టె ఉందా అని మా అమ్మను అడిగాడు. పొద్దున కాల్చిన జొన్నరొట్టె ఉంది. ద్రాక్షరసం మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మ ఎండాకాలానికని వేర్లు మరిగించి సీసాలో పోసి పెట్టుకున్న నన్నారి ఉంది. చిన్న స్టీలు గ్లాసులో అదే పోసి ఇచ్చింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ రెండూ పైకెత్తాడు. పుస్తకంలోని ప్రార్థన చేయలేదు. ‘‘నాకు అధికారం ల్యాదు ప్రభువా. ఈమెకు ఆశ ఉండాది. తప్పుంటే నా మింద వెయ్యి, ఈమె మింద వెయ్యద్దు’’ అన్నాడు. రొట్టె ముక్కను నన్నారిలో నానబెట్టి అవ్వ నోట్లో పెట్టాడు. ఆమె మింగడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు, నేను గొంతు నిమురుతూ ఉన్నాను. దీపాలు పెట్టకముందే పోయింది. అంత నెమ్మదిగా పోయిన మనిషిని నా ఉద్యోగంలో మళ్ళీ అరుదుగానే చూశాను.

ఆ తర్వాత జరిగిన నష్టానికి కారణం నేను. మాలో సమాధి దగ్గర సాక్ష్యం చెప్పే అలవాటుంది. చనిపోయినవాళ్ళు ఆఖరి ఘడియల్లో ఎలా ఉన్నారో, ఏం మాట్లాడారో ఇంటివాళ్ళు ఒకరు లేచి అందరికీ చెప్పాలి. బతికున్న మనిషి కోసం రాని గురువు సమాధికి జీపేసుకుని వచ్చాడు, తెల్ల అంగీతో. సాక్ష్యం చెప్పమంటే నేను లేచాను. మా అవ్వ ప్రభువు బల్ల తీసుకుని పోయిందనీ, ఓబులేసు అయ్యగారు జొన్నరొట్టెతో, నన్నారితో ఇచ్చాడనీ, దానితో ఆమె ముఖం తేటపడిందనీ చెప్పాను. శనక్కాయల చేలో నేర్పిన గొంతుతో, సమాధుల తోట ప్రహరీ దాకా వినపడేలా చెప్పాను. గర్వంగా చెప్పాను. గురువు తల తిప్పి ఓబులేసు అయ్యగారిని చూశాడు. అయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

పదిరోజులకు టౌను చర్చిలో విచారణ పెట్టారు. సాక్షిగా నన్ను, మా నాయనను పిలిచారు. ఐదుగురు కమిటీ పెద్దలు బల్లకు ఆవల కూర్చున్నారు, అయ్యగారు ఈవల నిలబడ్డాడు. నన్నారితో ప్రభువు బల్లా అని ఒకాయన నవ్వితే మిగతావాళ్ళూ నవ్వారు. నన్నారి పాస్టరు అన్నారు. ఆ పేరు ఆ గదిలోనే పుట్టింది. చివరికి సెక్రటరీ, పాతికేళ్ళుగా పాస్టరేట్ వ్యవహారాలన్నీ నడిపే మనిషి, మంచివాడిలా ఒక దారి చూపించాడు. ‘‘దప్పికైన ముసలామెకు రొట్టె, షర్బత్తు ఇచ్చినానని ఒక ముక్క రాసియ్యి ఓబులేసూ. ఈడికి ఇడ్సిపెడతాం’’ అన్నాడు. నేను మనసులో, రాసివ్వు అయ్యగారూ, రాసివ్వు అనుకున్నాను. ఆయన భార్య చక్కెర జబ్బు మనిషి, ఉండే ఇల్లు చర్చిది, వేరే ఆధారం ఆ గుత్త చేనొక్కటే. ఆయన తొందరపడలేదు. ‘‘ఆమె ప్రభువు బల్ల తీసుకోని పోయింది సార్. ఇప్పుడు నేను కాదంటే ఆమె నోట్లోది లాక్కున్నట్లే. అది నాతో కాదు’’ అన్నాడు.

నెలలోగా ఇల్లు ఖాళీ చేయమన్నారు. పాస్టరేట్ పరిధిలో ఏ చర్చిలోనూ ప్రార్థన చేయకూడదు, పాట పాడకూడదు అన్నారు. నోరు కట్టేయడమంటే అదే. అంతటితో ఆగలేదు. కొన్నాళ్ళకు మా నాయన ఏదో కాగితం కోసం వెళ్ళి సమాధుల రిజిస్టరు చూస్తే, మార్తమ్మ అనే పేరుకు ఎదురుగా ‘సంస్కారము పొందకుండా మరణించెను’ అని రాసి ఉంది. అయ్యగారు పోగొట్టుకోవాల్సినదంతా పోగొట్టుకుని మా అవ్వకు నిలబెట్టినదాన్ని, వాళ్ళు ఒక్క వాక్యంతో కొట్టేశారు.

ఆయన కర్నూలు వచ్చి, కల్లూరులో చిన్న ఫ్యాక్టరీల వెనక ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. పగలు అక్కడే ఒక నూనెమిల్లులో కాపలా. ఆదివారం షెడ్డులో ప్రార్థన. కూలీలు, తోపుడుబండ్లవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు వచ్చేవాళ్ళు. టౌనువాళ్ళు వెక్కిరింతకు పెట్టిన పేరు కల్లూరుకు ఎలా చేరిందో చేరింది, ఇక్కడివాళ్ళు మాత్రం దాన్ని ప్రేమగా పట్టుకున్నారు. నన్నారి పాస్టరు ప్రార్థన చేస్తే జ్వరం తగ్గుతుందనేవాళ్ళు. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల ఉండేది, ఎవరూ జీపు కోసం ఎదురుచూడనక్కర్లేదు. నాకు కర్నూలులోనే ఉద్యోగం వచ్చాక మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఆరోజు నేను నోరు మూసుకుని ఉంటే మీకీ గతి పట్టేది కాదు అని ఏడ్చాను. ‘‘నువ్వు చెప్పింది నిజమే కదా పాపా. నిజం చెప్పినందుకు గొంతు తగ్గించుకుంటే నేను నేర్పిచ్చింది దండగ’’ అన్నాడు. ఆ మాటతో నా బరువు సగమే దిగింది. మిగతా సగం దిగాలని నేను కోరుకోవడం లేదు కూడా.

పోయిన ఏడాది ఆయన గుండెపోటుతో పోయాడు. క్రమశిక్షణ పేరుతో పెట్టిన నిషేధం ఎత్తేయలేదు కాబట్టి, ఇరవై రెండేళ్ళు ఆయన చేత్తో కొట్టిన మా ఊరి చర్చి గంట ఆయన కోసం మోగలేదు. కల్లూరు అవతల అందరినీ పూడ్చే స్థలంలోనే పూడ్చాం. అంతకు కొన్ని నెలల ముందు షెడ్డులో ఎవరో ఆయన పాట ఫోనులో తీసి పెట్టారు. ఆయన పోయాక అది ఊళ్ళు దాటిపోయింది. పెళ్ళిళ్ళలో అదే, ఆటోల్లో అదే. అప్పుడు మా పాస్టరేట్‌కు జ్ఞాపకం వచ్చింది, ఈయన మా మనిషి కదా అని. వర్ధంతికి టౌను చర్చిలో సంస్మరణ సభ పెట్టారు. గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ, దైవజనులు రెవరెండ్ శామ్యూల్ గారు అని. ఓబులేసు అన్న మాట ఆ ఫ్లెక్సీలో ఏ మూలా లేదు. బతికుండగా ఇవ్వమంటే మూడుసార్లు ఇవ్వనిదాన్ని, చచ్చాక ఫ్లెక్సీ వేసేవాడికి చెప్పి ఇప్పించారు.

శిష్యురాలినని నన్నూ పిలిచారు. రెండు నిమిషాలు మాట్లాడి ఒక చరణం పాడమన్నారు. సెక్రటరీ అదే మనిషి, జుట్టు మాత్రం తెల్లబడింది. పాత విషయాలు ఎత్తవద్దమ్మా అని ముందే చెప్పాడు. నేను అర్జీ రాసుకుని వెళ్ళాను. సమాధుల రిజిస్టరులో మా అవ్వ పేరుకు ఎదురుగా ఉన్న వాక్యం కొట్టేసి, ‘సంస్కారము పొందినది, ఇచ్చినవారు ఓబులేసు’ అని రాయమని, అంతే అడిగాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆనాటి గురువు రిటైరై, ముందు వరసలో ముఖ్య అతిథిగా కూర్చుని ఉన్నాడు.

నా వంతు వచ్చింది. శనక్కాయల చేను గురించి చెబితే జనం నవ్వారు. చెలిమ గురించి చెబితే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత, మే నెల, మా మార్తమ్మవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నేను మూడుసార్లు ఫోన్ చేశాను అన్నాను. సెక్రటరీ మైకువాడి వైపు చూశాడు. మైకు ఆగిపోయింది. ఎదురుగా చూస్తే ఆ గట్టు కనపడింది నాకు. చేతిలోని మైకును బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, మధ్య దారిలోకి నడిచి, తలుపు దగ్గరి ఆఖరి మనిషిని చూస్తూ మొదలుపెట్టాను. జొన్నరొట్టె చెప్పాను, నన్నారి చెప్పాను, ఆయన చేసిన ప్రార్థన మాటకు మాట చెప్పాను. ఒక ముక్క రాసిస్తే వదిలిపెడతామన్నదీ, ఆయన రాయనన్నదీ చెప్పాను. రిజిస్టరులో వాక్యం ఇప్పటికీ అలాగే ఉందని చెప్పాను. ఆయన పేరు ఓబులేసు అని చెప్పాను. గురువు ఒళ్ళో పాటల పుస్తకం తెరుచుకుని అందులోకే చూస్తూ ఉన్నాడు. చెలిమ పాట పల్లవి పాడి, ఇక అక్కడ ఉండలేక బయటికి నడిచాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఆపనూ లేదు.

గడప దగ్గర, చెప్పుల పక్కన కింద కూర్చున్న ఒక ముసలామె నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆపింది. ‘‘నేను ఈ కొసన కూచ్చునుండానమ్మా. అన్నీ ఇనపడినాయి’’ అంది. ‘‘మార్తమ్మ నాకు తెలుసు. తెల్లచీరలు కట్టుకోని ఇద్దరం శానా తూర్లు ఎదురుచూసినాం.’’

వాక్యం ఇంకా మారలేదు. వచ్చే మీటింగులో చూస్తామన్నారు. సభను వీడియో తీసి పెట్టినప్పుడు నా రెండు నిమిషాలూ కోసేసి, రెవరెండ్ శామ్యూల్ పేరు మీద పాటలు మాత్రం ఉంచారు. మస్తాన్ విన్నది అదే. నా వార్డులో ఆఖరి ఘడియల్లో ఉన్నవాళ్ళు ఏదైనా అడిగితే, పూజారిని కావాలన్నా, మౌల్వీని కావాలన్నా, ఒక గుక్క చల్లటి నీళ్ళు కావాలన్నా, ఆదివారం దాకా ఆగమని నేను ఎవరికీ చెప్పను. నెలకోసారి సెలవు పెట్టుకుని ఆ కమిటీ గదికి వెళ్ళి, బల్లకు ఈవల నిలబడి నా అర్జీని మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. బయట వరండాలో పనుల మీద వచ్చిన జనం ఉంటారు. పోయినసారి సెక్రటరీ తలుపు వైపు చూసి, కాస్త మెల్లగా మాట్లాడమ్మా అన్నాడు. మెల్లగా మాట్లాడడం మా అయ్యగారు నాకు నేర్పలేదు సార్ అని, మళ్ళీ మొదటి నుంచి చదివాను.